డిస్పాచ్ నంబరు లేని కాగితం

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల ముస్లిం కుటుంబాల కోసం ఒక ఆదివారం అసర్ నమాజు తర్వాత మసీదు పక్క హాలులో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము వక్తలం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాళ్లం. ముప్పైమూడేళ్ల సర్వీసులో ఎక్కువ కాలం మా బల్ల మీద ఉన్నవి రెండే రిజిస్టర్లు. ఒకటి ఇన్‌వర్డు, రెండవది అవుట్‌వర్డు. వచ్చిన కాగితానికి తేదీ ముద్ర వేయడం, పోయే కాగితానికి డిస్పాచ్ నంబరు వేయడం మా పని. ఇటువంటి వారిని పిలిచి సైబర్ మోసాల గురించి మాట్లాడమనడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కానీ తీరికగా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. నేడు మన ఫోన్లలోకి వస్తున్న మోసపు సందేశాలలో అధిక భాగం ఏదో ఒక కార్యాలయం వేషంలోనే వస్తున్నవి. బ్యాంకు, కరెంటు ఆఫీసు, పోలీసు, కోర్టు, ట్రెజరీ. అసలు కార్యాలయం కాగితం ఎట్లా ఉంటుందో తెలిసినవారికి నకిలీ కాగితాన్ని పట్టుకోవడం కొంత సులువు కావాలి.

కావాలి అన్నామే గాని, మా విషయంలో అట్లా కాలేదు. ముందుగా ఆ సంగతే చెప్పుకుంటాం.

లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజులవి. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చాం. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా లైఫ్ సర్టిఫికెట్ నమోదు కాలేదని, ఆ సాయంత్రంలోగా లింకు తెరిచి వివరాలు నింపకపోతే వచ్చే నెల నుంచి పెన్షన్ నిలిచిపోతుందని అందులో ఉన్నది. లింకు నొక్కితే రాజముద్ర ఉన్న పేజీ తెరుచుకున్నది. పీపీవో నంబరు అడిగింది, ఇచ్చాం. పుట్టిన తేదీ, ఏటీఎం కార్డు నంబరు అడిగింది, ఇచ్చాం. చివరకు ఓటీపీ అడిగింది. అదీ ఇచ్చాం. రెండు విడతలుగా పద్దెనిమిది వేల నాలుగు వందల రూపాయలు పోయినవి.

డబ్బు సంగతి అట్లా ఉంచండి. ఆ తర్వాత మేము చేసిన పని వినండి. ఫోన్‌ను బోర్లించి పెట్టి, వజూ చేసుకొని నమాజుకు వెళ్లిపోయాం. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జీవితమంతా కాగితాలు చూసిన మనిషి కాగితానికే మోసపోయాడంటే నలుగురూ ఏమనుకుంటారు? అదొక్కటే మనసులో ఉన్నది. మూడవ రోజు మా అమ్మాయి పాస్‌బుక్ చూసి అడిగితే గాని నోరు పెగలలేదు. ఆమె అప్పటికప్పుడు 1930కి ఫోన్ చేయించింది. ఫిర్యాదు తీసుకున్నారు. కానీ అప్పటికే ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు చేరి నోట్లుగా బయటికి పోయింది. బ్యాంకు కౌంటర్‌లో కుర్రవాడు, "ఓటీపీ మీరే ఇచ్చారు కదా సార్" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. మేమే ఇచ్చాం.

మేము మౌనంగా కూర్చున్న ఆ రెండు రోజులే ఈనాటి ఈ మాటలకు కారణం.

ఇక అసలు కాగితం సంగతికి వద్దాం. ప్రభుత్వ కార్యాలయం నుంచి వెలువడే ఉత్తరానికి ఫైలు నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది. సంతకం చేసినవారి పేరు, హోదా ఉంటవి. ఎవరికి రాశారో వారి పూర్తి చిరునామా ఉంటుంది. ఏ చట్టం కింద, ఏ నియమం కింద అడుగుతున్నారో రాస్తారు. జవాబు ఇవ్వడానికి ఏడు రోజులో పదిహేను రోజులో గడువిస్తారు. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ప్రభుత్వ కార్యాలయం ఎవరినీ తొందరపెట్టదు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గాని, రేషన్ కార్డులో ఒక పేరు చేర్చడానికి, ఇంటి పన్ను పేరు మార్పిడికి మనం ఎన్ని నెలలు తిరిగామో గుర్తు చేసుకోండి. అంత నిదానమైన ప్రభుత్వానికి మీ విషయంలో మాత్రం ఈ రాత్రి తొమ్మిదిన్నరకే పని పూర్తి కావాలని తొందర పుట్టిందంటే, అది ప్రభుత్వం కాదని అక్కడే గ్రహించాలి.

తొమ్మిదిన్నర అన్న మాట ఊరికే అనలేదు. 2022లో దేశమంతటా పాకిన కరెంటు మెసేజ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. గత నెల బిల్లు నమోదు కానందున ఈ రాత్రి 9.30కి కరెంటు తీసివేస్తామని, వెంటనే ఫలానా అధికారికి ఫోన్ చేయమని అందులో పది అంకెల మొబైల్ నంబరు ఉండేది. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, ఎనీడెస్క్ వంటి యాప్ వేసుకోమనేవాడు. ఆ యాప్ దానంతట అది చెడ్డది కాదు. దూరంగా ఉన్న కంప్యూటర్‌ను బాగు చేయడానికి ఉపయోగపడేది. కానీ దానిని తెరిచి అందులోని అంకెలు అతనికి చెప్పామంటే మన ఫోన్ తెర అతని ముందు పరిచినట్లే. మనం పది రూపాయలు కట్టి చూస్తుంటే, అతను మన పాస్‌వర్డు చూస్తుంటాడు. మన విద్యుత్ సంస్థ ఇటువంటి మెసేజ్‌లు తనవి కావని అప్పుడే ప్రకటించింది. ప్రకటన పత్రికలో వచ్చేసరికి ఎందరి డబ్బు పోయిందో!

ఇక చలానాల సంగతి. 2023 డిసెంబరు చివరలో మన రాష్ట్రంలో ట్రాఫిక్ చలానాల మీద రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గింపు. కొత్తపేట, చైతన్యపురి, ఎల్.బి.నగర్ చౌరస్తాలలో రోజూ తిరిగే మన ఆటో సోదరులకు, డెలివరీ పిల్లలకు అది పెద్ద ఊరట. రాయితీ వచ్చిన కొద్ది రోజులకే మోసగాళ్లు అదే తీరున ఒక నకిలీ వెబ్‌సైట్ తయారు చేశారు. పోలీసు వెబ్‌సైట్ పేరులోని అక్షరాలన్నీ అందులో ఉన్నవి. ఒక్క 'గవ్' మాత్రం లేదు. జాగ్రత్తపడమని పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది.

ఇక్కడ మీకొక చిట్కా చెబుతాం. ఇది మన ఇళ్లలో ఉర్దూ చదివేవారికి ఇట్టే పట్టుబడుతుంది. వెబ్‌సైట్ చిరునామాను ఉర్దూ మాదిరి కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదట వచ్చే ఒంటి గీటు దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రండి. ప్రభుత్వానిదైతే కుడి చివర 'గవ్ డాట్ ఇన్' లేదా 'నిక్ డాట్ ఇన్' ఉంటుంది. ఎడమ వైపు ఎన్ని పెద్ద పేర్లు ఉన్నా లెక్కలోకి రావు. ఒకడు తన ఇంటి గోడ మీద 'కలెక్టరేట్' అని రాసుకోవచ్చు, ఆ ఇల్లు ఉన్న వీధి మాత్రం మారదు. చిరునామాలో ఆ వీధి కుడి చివర ఉంటుంది. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2025లో ఒక మంచి పని చేసింది. మన దేశపు బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే చివర గల చిరునామాకు మారాలని ఆదేశించింది. ఆ చివర బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. కాబట్టి మీ బ్యాంకు పేరుతో వచ్చిన లింకు కుడి చివర 'ఎక్స్‌వైజెడ్' అనో 'టాప్' అనో ఉంటే దాని మీద వేలు పెట్టకండి.

మెసేజ్ ఎవరు పంపారో చూపే పై వరుసను కూడా చూడాలి. బ్యాంకు, ప్రభుత్వ మెసేజ్‌లు మామూలు పది అంకెల నంబరు నుంచి రావు. ఇంగ్లీషు అక్షరాల పేరుతో వస్తవి. 2025 నుంచి ఆ పేరు చివర చిన్న గీత పెట్టి ఒక అక్షరం చేరుస్తున్నారు. ప్రకటన అయితే పి, సేవకు సంబంధించినదైతే ఎస్, లావాదేవీకి టి, ప్రభుత్వానిదైతే జి. ఇది ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకొని నమ్మమని కాదు. ఇది లేకుండా పది అంకెల నంబరు నుంచి 'మీ బ్యాంకు మేనేజరు' వచ్చాడంటే మాత్రం ఇక ఆలోచించవలసిన పని లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి. వాట్సాప్‌లో ఫైలు రూపంలో వచ్చేది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. చలానా అని, పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని, ఇప్పుడు పెళ్లి పత్రిక అని కూడా పంపుతున్నారు. పెళ్లి పత్రిక అంటే మనం తెరవకుండా ఉంటామా? అది ఫొటో కాదు, పత్రికా కాదు. ఫోన్‌లో దూరి కూర్చునే యాప్. అది కూర్చున్న తర్వాత మీరు ఓటీపీ ఎవరికీ చెప్పనవసరం లేదు, అదే చదువుకుంటుంది. మీకు తెలిసిన మనిషి నంబరు నుంచే వచ్చినా నమ్మవద్దు. ముందుగా ఆ మనిషి ఫోన్ పాడై, అక్కడి నుంచి అతనికి తెలియకుండానే మీకు వచ్చి ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి, "భాయ్, పత్రిక నువ్వే పంపావా?" అని అడిగితే పోయేదేమీ లేదు.

ఈమెయిల్ గురించి కాస్త చెప్పాలి. అది పెద్దల కంటే పిల్లల బాధ. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, కోర్సుల బోర్డులే. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఆరు నెలలు హాస్టల్‌లో ఉండి, కోర్సు ముగించి, తమ వివరాలు పదిచోట్ల పెడతారు. ఒకరోజు పెద్ద కంపెనీ పేరు మీద ఆఫర్ లెటర్ వస్తుంది. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లోనే అయిపోతుంది. లాప్‌టాప్ కోసం ఇంత, వెరిఫికేషన్ కోసం ఇంత డిపాజిట్ కట్టమంటారు, మొదటి జీతంతో తిరిగి ఇస్తామంటారు. ఊళ్లో తండ్రి అప్పు చేసి పంపుతాడు. ఆ ఈమెయిల్‌లో పైన కనిపించే పేరు మీద వేలితో నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. కంపెనీ పేరు ఎంత పెద్దదైనా చిరునామా జీమెయిల్‌ది అయి ఉంటుంది, లేదా కంపెనీ పేరులో ఒక అక్షరం అటుదిటుగా ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని డబ్బు అడగడు. ఇంత చిన్న మాట పిల్లలకు తెలియక కాదు. ఆరు నెలల తర్వాత వచ్చిన మొదటి పిలుపు అది. దానిని అనుమానించడానికి మనసొప్పదు.

మోసగాడు మనల్ని పట్టుకునేది ఆ ఒప్పని మనసు దగ్గరే. మనకు దేనిమీద ఆశ ఉన్నదో, దేనికి భయపడుతామో అతనికి తెలుసు. మన ఇళ్లలో ఆశలు ఏమిటి? ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్. 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలై, ఇప్పుడు 1,00,116 రూపాయలైన ఆ సాయం కోసం ఎదురుచూసే తల్లికి, "మీ మొత్తం మంజూరైనది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని మెసేజ్ వస్తే కట్టకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఆ దరఖాస్తు మీసేవ ద్వారా వెళ్లి, తహసీల్దారు కార్యాలయం విచారణ జరిగి, చెక్కు రూపంలో చేతికి వస్తుంది. మధ్యలో ఫీజు అడిగే మెసేజ్‌కు అందులో చోటే లేదు. స్కాలర్‌షిప్పులూ అంతే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా, లేదా మన రాష్ట్రపు ఈపాస్ ద్వారా వస్తవి. వాట్సాప్ లింకు ద్వారా రావు. హజ్ యాత్ర విషయంలో నాంపల్లి హజ్ హౌస్‌లోని రాష్ట్ర హజ్ కమిటీ కార్యాలయానికి ఒకసారి వెళ్లి అడగడం వేయి మెసేజ్‌ల కంటే మేలు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే నాంపల్లిలో దిగవచ్చు, మారవలసిన పని కూడా లేదు.

ఆశల గురించి చెప్పాం. ఇక భయాల గురించి చెప్పాలి. ఈ మాట బయటి సభలలో చెప్పేది కాదు, మనలో మనం చెప్పుకోవలసినది.

'డిజిటల్ అరెస్టు' అని మీరు వినే ఉంటారు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు వేసుకున్నవాడు కనిపిస్తాడు. మీ ఆధార్ మీద వచ్చిన పార్సిల్‌లో మత్తు పదార్థాలు దొరికినవంటాడు, మీ ఖాతా నుంచి ఉగ్రవాదులకు డబ్బు వెళ్లిందంటాడు. కెమెరా ఆపితే అరెస్టంటాడు, ఎవరితోనైనా చెబితే వారినీ కేసులో ఇరికిస్తామంటాడు. చివరకు 'విచారణ నిమిత్తం' మీ డబ్బంతా ఒక ఖాతాలోకి పంపమంటాడు. 2025 సెప్టెంబరులో మన నగరంలోనే 76 ఏళ్ల ఒక విశ్రాంత వైద్యురాలు ఇట్లా మూడు రోజులు వారి చెరలో ఉండి, పెన్షన్ ఖాతా నుంచి 6 లక్షల 60 వేలు పంపి, గుండె ఆగి మరణించారు. ఆమె చనిపోయిన తర్వాత కూడా ఆ ఫోన్‌కు మెసేజ్‌లు వస్తూనే ఉన్నవట. చదువుకున్న డాక్టరమ్మ గతే అట్లా అయితే మన మాటేమిటి?

అయితే మన ఇళ్లలో ఈ భయానికి మరొక పొర ఉన్నది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. తొలి రోజుల్లో పట్టుకుపోయిన మన యువకులు అనేకులు తర్వాత నిర్దోషులుగా తేలారు. కానీ పోయిన సంవత్సరాలు తిరిగి రాలేదు. 2013 ఫిబ్రవరి 21న ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో, సాయంత్రం జనం కిక్కిరిసిన రోడ్డు మీద రెండు బాంబులు పేలి అమాయకులు చనిపోయారు. ఆ దుఃఖంలో మనమూ ఉన్నాం. అయినా ఆ తర్వాత చాలాకాలం మన పిల్లలు ఈ చుట్టుపక్కల గది అద్దెకు అడగడానికి కూడా జంకడం మాకు గుర్తున్నది. అటువంటి జ్ఞాపకాలున్న ఇంట్లో ఫోన్ మోగి, "ఉగ్రవాదుల ఖాతాలో మీ పేరున్నది" అంటే, ఇది అబద్ధం అని నవ్వేసే ధైర్యం ఎందరికి ఉంటుంది? మేమేమీ చేయలేదని తెలిసినా, చేయలేదని ఎవరు నమ్ముతారన్న భయం ముందు వస్తుంది. మా వీధిలో ఒక ఖాలా, కొడుకు రియాద్‌లో ఉంటాడు, అతని పేరు చెప్పి బెదిరిస్తే నాలుగు గంటలు ఫోన్ ముందు కూర్చున్నారు. కోడలు బజారు నుంచి వచ్చి చూసి ఫోన్ లాక్కోకపోతే నగలు తాకట్టు పెట్టేవారే. తర్వాత మేము వెళ్లి మాట్లాడితే ఆమె అన్న మాట ఇది: "పోలీసంటే నిజమే అనుకున్నాను బాబూ, మన మీదికి రావడం కొత్తా?"

ఆమెకు ఏమి జవాబు చెప్పాలో మాకు ఆ రోజు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాం. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నది లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న రేడియోలో ఈ మాటే చెప్పారు. పోలీసులు విచారణకు పిలవాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన అరెస్టు కాగితం ఎవరిదైనా సరే, చెల్లని కాగితం. దానికి డిస్పాచ్ నంబరు లేదు. నిజంగా పోలీసు ఇంటికి వస్తే పేరు, స్టేషను అడగండి, కాగితం అడగండి, న్యాయవాదిని పిలవండి. అది మన హక్కు. ఫోన్‌లో వచ్చినవాడికైతే హక్కుల గురించి చెప్పనవసరం లేదు, ఫోన్ పెట్టేస్తే చాలు.

హర్యానాలోని అంబాలాకు చెందిన ఒక వృద్ధ దంపతులను సాక్షాత్తూ సుప్రీంకోర్టు పేరుతో నకిలీ ఉత్తర్వులు చూపి కోటి రూపాయలకు పైగా దోచుకున్నారు. ఆ వృద్ధురాలు లేఖ రాస్తే, సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తనంత తానుగా కేసు చేపట్టి, డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఒక ముసలమ్మ సిగ్గుపడక రాసిన ఉత్తరం అంత దూరం వెళ్లింది. మేము రెండు రోజులు ఫోన్ బోర్లించి కూర్చున్నది తలచుకుంటే ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది.

ఇక యువకులకు ఒక మాట. మీ మీద కోపంతో కాదు, భయంతో చెబుతున్నాం. హాస్టళ్ల దగ్గర, చాయ్ హోటళ్ల దగ్గర ఎవరో స్నేహం చేస్తారు. బ్యాంకు ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే ఐదు వేలో పదివేలో ఇస్తామంటారు. మోసపోయిన వారి డబ్బు వచ్చి పడేది ఆ ఖాతాలలోనే. మా పద్దెనిమిది వేలు కూడా అట్లాంటి ఎవరో పేదవాడి పేరున ఉన్న ఖాతాలోకే పోయి ఉంటవి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే అక్కడి పోలీసులు ఖాతాదారును వెతుక్కుంటూ వస్తారు. డబ్బు తిన్నవాడు దొరకడు, పేరిచ్చినవాడు దొరుకుతాడు. ఆ పేరు మన పిల్లవాడిదైతే, కేసు ఒక్క మోసం దగ్గరే ఆగుతుందన్న నమ్మకం మాకు లేదు. అట్లాగే కంబోడియాలో, మయన్మార్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కొని, ఇవే మోసపు కాల్స్ చేయిస్తున్నారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి వందల మంది మన దేశస్థులను వైమానిక దళ విమానాలలో వెనక్కి తేవలసి వచ్చింది. వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఫోన్‌లో మనల్ని బెదిరించే గొంతు కూడా ఒక్కొక్కసారి దెబ్బలకు భయపడి మాట్లాడుతున్న గొంతే కావచ్చు.

మోసం జరిగినట్లు తెలియగానే ఏమి చేయాలి? తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలి. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు చెప్పాలి. డబ్బు చేరిన ఖాతాను అక్కడి నుంచే నిలిపివేయించే ఏర్పాటు 2021 నుంచి ఉన్నది. డబ్బు నోట్లుగా మారకముందే ఈ పని జరగాలి, గంటలు కాదు, నిమిషాలు లెక్క. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. పోలీస్ స్టేషన్‌లో ఇది మా పరిధి కాదంటే, కొత్త చట్టంలోని 173వ సెక్షన్ గుర్తు చేయండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. మెసేజ్‌లను, కాల్ వివరాలను చెరిపివేయకండి. సిగ్గుతో మొదట చేసే పని అదే, మేమూ అదే చేశాం, సాక్ష్యం మా చేతులతోనే పోయింది. ఇట్లా నిలిపివేసిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు కూడా.

బ్యాంకుకూ వెంటనే రాసి ఇవ్వండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది, చదవదగినది. దాని ప్రకారం మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా డబ్బు పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాలలోగా తెలిపితే మనకు నష్టం ఉండదు. మనమే ఓటీపీ ఇచ్చి ఉంటే, తెలిపేంత వరకు పోయినది మన నష్టం. తెలిపిన తర్వాత పోయినది బ్యాంకు నష్టం. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయవలసిన భారం కూడా బ్యాంకు మీదే ఉన్నది. కౌంటర్‌లో ఈ మాట ఎవరూ తమంత తాముగా చెప్పరు. మనమే అడగాలి. ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీ ముద్ర వేయించుకోకుండా బయటికి రాకండి. గుమాస్తాగా మా ఏకైక ఉపదేశం ఇది.

మరొక విన్నపం ప్రభుత్వానికి, బ్యాంకులకు. మన రాష్ట్రంలో 2017 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. కానీ మా బస్తీలోని తల్లుల ఫోన్లకు బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరికలు ఇంగ్లీషులోనే ఉంటున్నవి. దొంగ మాత్రం ఆమెతో ఉర్దూలో మాట్లాడుతున్నాడు, తెలుగులో మాట్లాడుతున్నాడు. కాపాడవలసినవాడి మాట అర్థం కాక, దోచుకునేవాడి మాట అర్థమైతే ఆమె ఎవరిని నమ్ముతుంది? ఈ విషయమై ఒక వినతిపత్రం తయారు చేశాం. సంతకాలకు ఆ బల్ల మీద ఉన్నది. వేలిముద్ర వేసేవారికి ఇంకు ప్యాడ్ కూడా పెట్టాం.

ఇప్పుడు దయచేసి ఫోన్లు తీసి 1930ని పేరు పెట్టి దాచుకోండి. అక్షరాలు రానివారి ఫోన్‌లో పక్కవారు దాచి పెట్టండి. పరదా అవతల మా అమ్మాయి ఉన్నది, ఆమెకు ఫోన్ ఇవ్వండి. ఇక మీదట ప్రతి ఆదివారం అసర్ నుంచి మగ్రిబ్ దాకా మేము ఇదే హాలులో కూర్చుంటాం. అనుమానంగా ఉన్న మెసేజ్ ఏది వచ్చినా చెరిపివేయకుండా తీసుకురండి, కలిసి చదువుదాం. ఇప్పటికే డబ్బు పోగొట్టుకొని ఎవరికీ చెప్పని వారు ఎవరైనా ఈ హాలులో ఉంటే, అందరూ వెళ్లిన తర్వాత కాసేపు ఆగండి. తలుపు దగ్గర మేముంటాం.